ఒక్క దెబ్బ ఆపే కుక్క

నేను ఒక అట్టముక్కను. పేకముక్కంత ఉంటాను గాని పేకముక్కను కాదు. ఈ తేడా మనుషులకు చెప్పడానికి నాకు నోరు లేదు. అందుకే నా బతుకు భయంతో మొదలైంది.

నా మీద ఒక బక్కకుక్క బొమ్మ ఉంది. పెద్ద కాగితం మీద బోలెడుమంది తోటివాళ్లతో కలిసి అచ్చయ్యాను. యంత్రం మమ్మల్ని కోసి విడదీసింది. ఎవరి పక్కన ఎవరు పడ్డారో చూడకుండా వెండిరంగు కవర్లలో కూరి అంచులు అతికించారు. లోపల చీకటి. నా పైన ఒక రాజు, కింద ఒక రాక్షసుడు. ఆ చీకట్లో వాళ్లూ నాలాగే ఊపిరి బిగబట్టి ఉన్నారు. కవరు కొన్న మనుషులు లోపల అదృష్టం ఉందనుకుంటారట. లోపలున్నది మా భయమే.

కాకినాడలో ఒక పుస్తకాల షాపు మేడ మీద ఆదివారంపూట మాలాంటి బొమ్మల ముక్కలతో ఆడే ఆటకి పోటీ పెట్టారు. దానికి ఎవరూ ఇంటినుంచి ముక్కలు తెచ్చుకోకూడదు. మనిషికి ఆరు కవర్లు, సీలు తియ్యనివి, నిర్వాహకుడే ఇస్తాడు. అక్కడికక్కడే చించి, వచ్చినవాటిలోంచి పనికొచ్చేవి ఏరుకుని ఆడాలి. కవరులో ఉండగానే నేను విన్న మొదటి మనిషి మాట ఇది:

"మా అమ్మకి తెలిస్తే వీటిని పొయ్యిలో పెట్టేద్దండి."

చెప్పింది సత్యవేణి, డిగ్రీ చదువుతున్న పిల్ల. నవ్వుతూనే చెప్పింది గాని కవరు చించకుండా పట్టుకుని కూర్చుంది. తండ్రి పేకాటలో ఇంట్లో ఉన్నవన్నీ పోగొట్టి, ఆ తర్వాత తనూ పోయాడట. మిగిలిన పేకలన్నీ తల్లి పొయ్యిలో పెట్టింది. ఇప్పుడు ఈ పిల్ల స్పెషల్ క్లాసని చెప్పి వచ్చింది. తల్లికి తెలిస్తే ఈ ఆటే కాదు, కాలేజీ కూడా మాన్పించేస్తుందని ఆమె భయం. పొయ్యి అన్న మాట విన్నాక నా భయం నాకుంది.

కవరు చించి రాజును చూసి మురిసిపోయింది. నన్ను పక్కన పడేసింది. చివరికి ఒక ముక్క తక్కువై, గతిలేక నన్ను కలుపుకుంది. ఆటలో నేను చేసే పని ఒక్కటే. ఎదుటివాళ్ల దెబ్బ ఒకటి ఆపి చచ్చిపోతాను.

సాయంత్రానికి సత్యవేణి ఒక్కొక్కరినే గెలుస్తూ జోసఫ్ అనే ట్యూషన్ మాస్టారి ముందుకు వచ్చింది. ఇందులో గెలిచినవాళ్లు హైదరాబాదు పోటీకి వెళ్తారు. చెరొక ఆట గెలిచారు. మూడో ఆటలో నేను ఆమె చేతిలో ఉన్నాను. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సత్యవేణి తలెత్తి చూసింది. నన్ను పట్టుకున్న చేతి గోరు దిగి నా మూల మడతపడింది.

వచ్చింది తల్లి నూకరత్నం. రొయ్యల కంపెనీలో పని దిగి వస్తుంటే కింద షాపులో తెలిసినావిడ చెప్పిందట, మీ అమ్మాయి మేడ మీద ముక్కలాడుతోందని. నూకరత్నం అరవలేదు. అరిస్తే నాకు ఇంత భయం వేసేది కాదు.

"పందెం ఏం కాసేవే?" అంది.

"ఏం కాయలేదమ్మా. ఇది పేకాట కాదు."

"ఓడితే ఏం పోద్ది?"

"ఆట పోద్ది. అంతే."

"మీ నాన్నా అదే అనేవోడు."

జోసఫ్ లేచి కుర్చీ జరిపాడు. ఇక్కడ పందేలుండవండీ ఆంటీ, కావాలంటే కూర్చుని చూడండి అన్నాడు. ఆమె కూర్చోలేదు. కూతురి వెనక నిలబడింది.

"ఆడు. చూత్తాను."

ఇంకొక్క దెబ్బ తగిలితే సత్యవేణి పని అయిపోయినట్టే. జోసఫ్ మంచివాడే గాని ఆటగాడు. ఆమె చేతిలో ఏముందో తెలియక, వెనకనుంచి ఆ ముక్కలన్నీ చూస్తున్న తల్లి మొహం ఓరకంట చూశాడు. అక్కడ ఏమీ లేదు. మూసిన తలుపులా ఉంది. భర్త వెనక టీ గ్లాసు పట్టుకుని నిలబడి నేర్చుకున్న మొహమట అది. ముక్కలు చూసి మొహం మారిస్తే ఆట అయ్యాక కొట్టేవాడట. ఇవన్నీ తర్వాత వాళ్లింట్లో విన్నాను.

పిల్ల చేతిలో ఏమీ లేదనుకుని జోసఫ్ తన రాక్షసుణ్ణి ఆమె మీదకి తోలాడు. సత్యవేణి నన్ను బల్ల మీద పెట్టింది. దెబ్బ ఆపాను, చచ్చిపోయాను, పక్కన పడ్డాను.

"మీ మొహం చూసి మోసపోయానండీ ఆంటీ," అన్నాడు జోసఫ్.

కాసేపటికి సత్యవేణి ఓడిపోయింది. పక్కన వెల్లకిలా పడి ఉన్న నాకు నూకరత్నం చెయ్యి కనిపించింది. అది మెల్లగా చెవి దగ్గరికి పోయి, దుద్దు మర తిప్పుతోంది.

"అమ్మా, ఏంటది?"

"ఓడిపోయేవు కదే."

జోసఫ్ తల దించుకున్నాడు. ఇంతలో నిర్వాహకుడు వచ్చి సత్యవేణి చేతిలో సీలు తియ్యని కవరు ఒకటి పెట్టాడు. ఆడినవాళ్లందరికీ ఇస్తామండి అన్నాడు.

"ఓడినోళ్లకి కూడానా?" అంది నూకరత్నం.

"ఆయ్, అందరికీనండి."

ఆమె ఆ కవరు తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దుద్దు మర మళ్లీ బిగించుకుంది. పడి ఉన్న ముక్కల్లోంచి నన్ను తీసింది. ఆ వేళ్లు శవం వేళ్లంత చల్లగా ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఈ కుక్క ఏం చేత్తాదే?"

"ఒక దెబ్బ నా మీద పడకుండా ఆపి చచ్చిపోద్దమ్మా."

నూకరత్నం బొటనవేలితో నా మూల మడతను సాపుచేసింది.

ఇప్పుడు నేను వాళ్ల వంటింట్లో, గోడ అద్దం చట్రంలో నూకరత్నం దోపిన చోటే ఉంటున్నాను. ఎదురుగా పొయ్యి. ఆమె అగ్గిపుల్ల గీసినప్పుడల్లా నాకు ప్రాణం పోయి వస్తుంది. కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కవరు మాత్రం ఉప్పు సీసా పక్కనే ఉండిపోయింది. సత్యవేణికి ముట్టుకునే ధైర్యం లేదు.

ఇవాళ నూకరత్నమే దాన్ని చేతిలోకి తీసుకుంది. "వచ్చే ఆదివారం ఉందా?" అంది కూతురితో. ఉందంది సత్యవేణి. తల్లి కవరు అంచు పట్టుకుని లాగబోయి ఆగింది, మళ్లీ పట్టుకుంది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టి ఉంటారు. వాళ్లకు నా మాట వినిపిస్తే బాగుండును. ఆ చెయ్యి చల్లగా ఉంటుంది, భయపడకండి. పగలంతా ఐసులో రొయ్యలు వలిచిన చెయ్యి అది.