నూట పంతొమ్మిదో మెట్టు

ఆకులు రాలే కాలం వచ్చిందంటే సరస్సు దగ్గర పక్షుల లెక్క మొదలవుతుంది. పొద్దు పొడిచేసరికి పెద్దాయన మెడకి మఫ్లరు, దాని మీద దుర్భిణి వేసుకుని అభయారణ్యం గేటు దగ్గర ప్రత్యక్షమవుతాడు. ఆయన చూపంటే మామూలు చూపనుకునేరు! అవతలి గట్టు మీద చీమ మీసం మెలేస్తే, ఎడమదో కుడిదో ఇవతల నుంచే చెప్పేస్తాడు. ఎగిరే బాతుల గుంపుని ఒక్క తుమ్ము తుమ్మేలోపు లెక్కపెట్టేస్తాడు.

ఆయన వెనకాల లెక్క రాసే పుస్తకం, ఫ్లాస్కు మోస్తూ బావమరిది. ఆ వెనకాల పడవక్క. సరస్సులో పడవ నడపడం ఆమె ఉద్యోగం. నిరుడు ఎవరో లేని పక్షుల్ని లెక్కలో రాయించారు. అనుమానం ఆమె మీద పడింది. ఈసారి దొంగలెక్క తేలితే ఉద్యోగం ఊడుతుందని పైఅధికారి మొహం మీదే చెప్పేశాడు.

దొంగలెక్క బయటపడటం అక్కడ పెద్ద కష్టం కాదు. ఒడ్డున మంచె ఉంది. దాని మీద నిలబడి పక్షుల గురించి అబద్ధమాడితే కింద ఒక మెట్టు పెరుగుతుంది. పొరపాటుకి పెరగదు, అబద్ధానికే. కట్టిన రోజున దానికి ముప్ఫై మెట్లు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకోవడం అక్కడివాళ్లకి చెప్పులు విడిచినంత అలవాటు.

ఆ ఉదయం ఎక్కేటప్పుడు నూట పద్దెనిమిది.

పైన ఎవరి వైపు వాళ్లు తిరిగి నీటికాకుల్నీ గూడబాతుల్నీ పది పదిగా లెక్కపెడుతున్నారు. ఉన్నట్టుండి పడవక్క అరిచింది.

"బాబాయ్ గారూ! అవతలి రెల్లు అంచున నల్లమెడ కొంగ!"

బావమరిది అప్పుడే టీ పోసుకుంటున్నాడు. ఆవిరికి కళ్లజోడు మసకేసి అతనికేమీ కనబడలేదు. పెద్దాయన దుర్భిణి అటు తిప్పాడు. చాలాసేపు అటే ఉంచాడు.

"రెల్లు తప్ప ఏమీ లేదమ్మా," అన్నాడు.

ఆ సరస్సులో నల్లమెడ కొంగని చూసిన ఏకైక మనిషి పెద్దాయన. అదీ ముప్ఫై ఏళ్ల కిందట. ఆఫీసు గోడ మీద ఆయన ఫొటో, దాని కింద ఆ మాటే ఉన్నాయి.

దిగేసరికి నూట పంతొమ్మిది.

ముగ్గురూ ఆ కొత్త మెట్టుని, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తేలిపోయిందిగా," అన్నాడు పెద్దాయన. "నాకు నిరుడే అనుమానం."

"పైన మాట్లాడింది మనిద్దరం, బాబాయ్ గారూ. ఈయనకి టీతోనే సరిపోయింది."

"అంటే నన్నంటావా? నన్నా?"

"నేనెవర్నీ అనట్లేదు. మెట్టు అంటోంది."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, ఒకరి తర్వాత ఒకరు ఎక్కి అదే మాట మళ్లీ అనండి. నేనిక్కడ కాపలా ఉంటా."

"ఆ కళ్లజోడుతోనా?"

"చేత్తో తడుముతాలే!"

పడవక్క ఎక్కింది. కొంగని చూశానని సరస్సంతా మార్మోగేలా అరిచింది. బావమరిది అరచేతి కింద మెట్టు కదల్లేదు. అతను తలెత్తి బావని చూశాడు. ఇన్నేళ్లలో అలా చూడటం అదే మొదటిసారి.

పెద్దాయన ఎక్కాడు. 'రెల్లు తప్ప ఏమీ లేదు' అనే మాటని దారంతా నోట్లో నలుపుతూనే ఉన్నాడు. ఇంకో మెట్టు పెరిగితే, మంచెకే మతిపోయిందని దబాయించొచ్చు. పైన నిలబడి నోరు తెరిచాడు.

కానీ ఆయన అబద్ధమే మంచెని ఒక మెట్టెత్తు లేపింది. ఇందాక అడ్డొచ్చిన రెల్లు కొసలు ఇప్పుడు కిందికి పోయాయి. వాటి వెనక పొట్టి చెట్టు మీద పుల్లల గూడు. అందులో ఇందాకటి కొంగ, పక్కన దాని జత, మధ్యలో తెరుచుకున్న రెండు బుల్లి ముక్కులు.



"ఒరేయ్, రాసుకో!" అన్న కేక పైనుంచి ఒక్కసారిగా దిగింది. "ఒకటి కాదురా, రెండు! పిల్లలు కూడా రెండు!" ఆ తర్వాత కమ్మీ పట్టుకుని కిందికి వంగి, "ఇందాక కూడా చూశాన్రా" అన్నాడు.

మెట్టు కదల్లేదు.

పుస్తకంలో 'మొదట చూసింది' అన్నచోట పడవక్క పేరు పెద్దాయన చేతిరాతతోనే ఉంది. ఆమె పడవ ఇప్పటికీ ఆ రేవులోనే కట్టి ఉంటుంది. నిరుటి దొంగలెక్కకి పెరిగిన మెట్ల సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాకపోతే మంచె ఎక్కేటప్పుడల్లా, మోకాళ్లు మొరాయిస్తున్నా సరే, ఆ కింది మెట్టు మీద కాలు పెట్టకుండా దాటుకుని ఎక్కుతాడు.