రెండు సాక్ష్యాలు

వెర్లీన్ కుడి చెయ్యి భుజం దాటి లేవడం మానేసి తొమ్మిది నెలలైంది. డెట్రాయిట్‌లో ఇరవై ఆరేళ్లు జడలల్లి బతికిన చెయ్యి అది. జూన్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఆమె కారును వెనకనుంచి ఒక వ్యాను గుద్దింది. తప్పు తనదేనని వ్యానువాడు అక్కడే ఒప్పుకున్నాడు కూడా. ఐనా లాభం లేకపోయింది. తప్పెవరిదైనా ఎవరి వైద్యం వాళ్ల సొంత బీమాతోనే అన్నది ఆ రాష్ట్రం పద్ధతి. సొంతదారు బీమా కట్టకపోతే వైద్యానికి డబ్బు రాదు, గుద్దినవాణ్ణి నొప్పికి పరిహారం అడిగే హక్కూ ఉండదు.

కాగితాల మీద కారు ఆమె అన్న కార్డెల్‌ది. బీమా మోయలేక ఆ పేటలో చాలామంది చేసే పనే అతనూ చేశాడు. ఏడు రోజుల బీమా కొని, ఆ కాగితం చూపించి నంబరు ప్లేటు తెచ్చుకున్నాడు. ఎనిమిదో రోజు నుంచి దేవుడే దిక్కు.

కారు ఆమెది కాకపోతే ఒక దారుందని ఆమె లాయరు ప్రూయిట్ చెప్పింది. అరువు తెచ్చుకున్న కారైతే, బీమా లేనివాళ్ల కోసం రాష్ట్రం పెట్టిన పథకం కింద భుజానికి ఆపరేషను అవుతుంది. ముప్ఫై రోజులు దాటి వాడుకుంటే మాత్రం చట్టం లెక్కలో ఆమే సొంతదారు. ప్రమాణం చేశాక అబద్ధమాడొద్దని కూడా ఆవిడే హెచ్చరించింది.

పథకం తరఫు లాయరు ముందు వాంగ్మూలమిచ్చే రోజు కార్డెల్ ఆ ఆఫీసు మెట్ల దాకా వచ్చాడు.

"వ్యాను గుద్దిన వారమే ఇచ్చానని చెప్పు చెల్లీ. తాళాలిచ్చినవాణ్ణి నాకు తెలీదా?"

"నీ పుట్టినరోజే నీకు గుర్తుండదు, అన్నయ్యా. అక్కడ దేవుడి మీద ఒట్టేయాలి."

"ఆ దేవుడికి నీ భుజం కనబడ్డం లేదా?"

ఆమె మెట్లెక్కింది.

అవతలి లాయరు చిన్నవాడు, మర్యాదస్థుడు. కారు మీ దగ్గరికెప్పుడొచ్చిందని అడిగాడు. వెర్లీన్ బల్లకేసి చూస్తూ, "జూన్‌లో" అంది.

అతను ఫోను ఆమె వైపు తిప్పాడు. ఈస్టర్ ఆదివారం వాళ్ల చర్చిలో తీసిన వీడియో అది. ప్రసంగమయ్యాక ఒక్కొక్కరే లేచి, ప్రభువు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఏప్రిల్ నాటి వెర్లీన్ పసుపురంగు టోపీ పెట్టుకుని లేచింది.

"ఇరవై ఆరేళ్లు మంచులో బస్సు కోసం నిలబడ్డాను. ఇవాళ నా దేవుడు నాకు కారిచ్చాడు. అన్న చేత్తో ఇప్పించాడు గానీ, అది నాదే!"

చర్చంతా చప్పట్లు.

"ఇది మీరేనా అమ్మా?"

ఆమె ఆ మాటలు వినడం లేదు. తెర మీద ఆకాశానికి చాచిన తన కుడి చెయ్యినే చూస్తోంది.

"నేనే," అంది చివరికి. "కారు ఈస్టర్‌కే వచ్చింది. ఇందాక చెప్పింది కొట్టేయండి."

కొట్టేయడం కుదరదు, రెండూ ఉంటాయన్నాడతను. ప్రూయిట్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

కిందికి రాగానే కార్డెల్ ఆమె మొహం చూశాడు. ఇద్దరూ మూలమలుపు దాకా నడిచారు. బస్సు కనబడగానే వెర్లీన్ ఎడమ చెయ్యి ఎత్తింది.