మోటర్లు బందుపెట్టిన రోజు

కోళ్లఫారం షెడ్డులో కంప్యూటర్లు పెడతానని వెంకటరావు గారు వచ్చినప్పుడు మా ఊరు ముడిమ్యాలలో నవ్వనివాళ్లు లేరు. నేనూ నవ్వాను. కోళ్లకు రోగమొచ్చి ఆ షెడ్డు ఎప్పటినుంచో ఖాళీగా పడి ఉంది, వాన పడితే ఇప్పటికీ వాసన లేస్తుంది. ఆయనది భీమవరం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెట్టాడు. సిటీలో కిరాయిలు ఎక్కువ, పని నేర్చుకున్న పిల్లలు ఇంకో కంపెనీకి దూకేస్తారు, అదే ఊళ్లో అయితే ఎక్కడికీ పోరు. ఇదీ ఆయన ఆలోచన. దాన్ని స్ట్రాటజీ అనేవాడు. ఆ మాట అనకుండా మనిషి చాయ్ కూడా తాగేవాడు కాదు.

పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేసి పెడతారు. ఆ మాటలు ఇంటర్నెట్‌లో మా షెడ్డుకు వస్తాయి. మేం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విని, టైపు చేసి, ఆ డాక్టర్లు మళ్లీ డ్యూటీ ఎక్కేలోపు పంపేయాలి. అంటే మనకు సాయంత్రం ఆరు. నేను తెలుగు మీడియంలో చదివి చేవెళ్లలో డిగ్రీ చేసినదాన్ని. మొదట్లో ఒక్క ముక్క అర్థంకాక ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఆ డాక్టర్లు నోట్లో ఏదో నములుతూ మాట్లాడతారు, వాళ్ల నోళ్లు పడిపోను. అయినా పట్టు వదల్లేదు. ఆర్నెల్లకు చెవి అలవాటుపడింది.

పట్టు వదిలితే నాకు గతిలేదు. నా మొగుడు మహేశ్వర్ నన్నూ మూడేళ్ల వెన్నెలనూ వదిలేసి వేరే సంసారం పెట్టుకున్నాడు. బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి, మా బాపు దగ్గరికి వచ్చాను. షెడ్డు మా పొలం గట్టు పక్కనే. వెన్నెల వరండాలో ఆడుకుంటుంటే నేను కిటికీలోంచి ఒక కన్నేసి టైపు చేసుకునేదాన్ని. అట్లాంటి ఉద్యోగం లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ షెడ్డు ఉంటేనే నా బతుకు నా చేతిలో ఉంటుంది. లేకపోతే మళ్లీ పక్కవాళ్ల చేలో కలుపుకు పోవడమే.

రెండువేల ఒకటి, మార్చి నెలాఖరు. అమెరికా కంపెనీ ఒకటి పరీక్షగా ఒక రోజు పని పంపింది. ఆరులోపు అంతా తప్పుల్లేకుండా చేరితే మూడేళ్ల పని మాకు. వెంకటరావు గారు ముందురోజే దాచుకోకుండా చెప్పేశాడు.

"ఇది పోతే షెడ్డు మూసేయడమేనమ్మా. ఇంక నా వల్ల కాదు."

పొద్దున పని బాగానే సాగింది. మధ్యాహ్నం త్రీఫేజ్ కరెంటు వచ్చింది. త్రీఫేజ్ అంటే వ్యవసాయ మోటర్లకు ఇచ్చే కరెంటు. ఎప్పుడు ఇస్తారో ఆ ఇచ్చేవాళ్లకే తెలియదు, అందుకని రైతులందరూ స్టార్టర్లకు ఆటో బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే మొదలవుతుంది. షెడ్డుకూ పొలాలకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారి లేచాయి. షెడ్డులో ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి, బల్బులు పిడకల పొయ్యిలో నిప్పులా ఎర్రబడ్డాయి. యూపీఎస్‌లు కాసేపు కుయ్యిమని అరిచి ఊరుకున్నాయి. కంప్యూటర్లన్నీ నల్లబడ్డాయి. రోజూ ఆదుకునే జనరేటరు మొన్ననే మొండికేసింది, మెకానిక్ రేపు రేపంటున్నాడు.

వెంకటరావు గారు కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. తర్వాత రిసీవరు పక్కనపెట్టి తల పట్టుకుని కూర్చున్నాడు.

"అయిపోయిందమ్మా ఉమారాణీ. అంతా అయిపోయింది."

నాకు ఒళ్లు మండింది. "తల పట్టుకుంటె వోల్టేజి వస్తదా సార్? మీరు పిల్లల్ని కుర్చీల్లకెల్లి లేవనియ్యకుండ్రి. నేను పోయి మోటర్లు బందుపెట్టిస్త."

చెప్పులు కూడా వేసుకోకుండా పొలానికి ఉరికాను. బాపు మడి గట్టు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. సంగతి విని చుట్ట ఆర్పేశాడు.

"వరి ఈనుతున్నది బిడ్డా. గిసుంటప్పుడు ఎవడు బందుపెడ్తడు?"

"అడుగుదాం బాపు. కాళ్లు మొక్కుదాం. ఈ ఒక్క పూట. గా షెడ్డు మూతబడ్తె నేను సచ్చినట్టే."

మా బాపు సత్తయ్య తన కోసం ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ రోజు తువ్వాల భుజాన వేసుకుని తూర్పు దిక్కు పొలాలకు పోయాడు. నేను పడమటికి పోయాను. ఎండకు మట్టి కాలుతోంది, అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒక్కొక్కరిని అడుగుతూ పోయాను. "అమెరికోనికి జరమొస్తె నా వరి ఎండాల్నా?" అని ఒకాయన ఎగాదిగా చూశాడు. ఇంకొకామె, "మా పిల్లకు కూడ గా షెడ్డుల కొలువిప్పిస్తవా?" అంది. ఇప్పిస్తానన్నాను. ఆ పూట ఎవరు ఏం అడిగినా ఇప్పిస్తాననే చెప్పాను. ఒకాయనకు నిజంగానే వంగి కాళ్లు పట్టుకున్నాను, ఆయన సిగ్గుపడి వెనక్కి జరిగి, "లే బిడ్డా, లే, బందుపెడ్త" అన్నాడు. ఒక్కొక్క మోటరే ఆగుతూ వచ్చింది.

మిగిలింది కుర్మయ్య కాక. బాపుకు చిన్నాయన కొడుకు, నాకు బాబాయి. షెడ్డు పక్కనున్న పెద్ద బోరు మాకూ ఆయనకూ ఇంకో ఇద్దరు అన్నదమ్ములకూ కలిపి ఉంది. నాలుగు రోజులకొకసారి ఒక్కొక్కరికి వంతు. ఆ రోజు ఆయన వంతు. నేను పోయేసరికి బాపు అక్కడే ఉన్నాడు. కాక స్టార్టరు డబ్బాకు అడ్డం నిలబడ్డాడు.

"నా వంతు నాడే యాదికొచ్చిందానే మీకు? నిన్న ఎందుకు బందుపెట్టుమనలే? ఈ పూట నీళ్లు పోకపోతె మళ్ల నాలుగు దినాలు. నా పిల్లలు మన్ను తినాల్నా?"

"కాకా, నీ బాంచెన్..."

"బాంచెన్ గీంచెన్ ఏం లేదు. పో."

ఆయనది తప్పని ఎట్లా అంటాను? అప్పుడు బాపు అన్నాడు.

"రేపు నా వంతు గదా కుర్మయ్యా. అది నువ్వు తీస్కో."

కాక ఆయన మొహంలోకి చూశాడు. "మరి నీ మడి?"

"నా మడి ముచ్చట నేను చూసుకుంట. నువ్వు బందుపెట్టు."

మా మడి అప్పటికే నెర్రెలు విడిచింది. రేపటి వంతు పోతే ఇంకో నాలుగు రోజులు చుక్క నీరుండదు. 'వద్దు బాపు' అనాలి. మాట నాలుక దాకా వచ్చింది. అనలేదు. నాకు ఆ ఉద్యోగం కావాలి, అంత కావాలి. కాక నిట్టూర్చి ఆటో తీసేసి మోటరు ఆపాడు. చుట్టూ పొలాలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయి. షెడ్డు కిటికీల్లో ట్యూబ్‌లైట్లు వెలిగాయి. లోపలినుంచి పిల్లలు కేక పెట్టారు.

నీళ్లు తాగడానికి కూడా లేవకుండా టైపు చేశాం. ఆరు కొట్టడానికి కాసేపటి ముందు చివరి ఫైలు వెళ్లింది. వెంకటరావు గారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బయటికి వచ్చి బాపు రెండు చేతులూ పట్టుకుని, "మీ రుణం తీర్చుకోలేనండీ" అన్నాడు. బాపు ఇబ్బందిగా నవ్వాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ కంపెనీ తరఫున సిటీ నుంచి కౌశల్ అనే ఆయన షెడ్డు చూడటానికి వచ్చాడు. అంత ఎండలో టై కట్టుకున్నాడు, పాపం. మా పని చాలా బాగుందన్నాడు. కరెంటు సంగతి ఏమిటని అడిగాడు. వెంకటరావు గారు జనరేటరు గురించి, యూపీఎస్‌ల గురించి చెబుతున్నాడు. అప్పుడే బాపు సారుకని చెంబుతో మజ్జిగ తెచ్చాడు. అడగకపోయినా మాట కలిపాడు.

"కరెంటుకు ఫికర్ చెయ్యకుండ్రి సార్. మొన్న మిషన్లు బందైతె ఊరోళ్లందరం మోటర్లు ఆపినం."

వెంకటరావు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అదీ... అప్పుడెప్పుడో ఒకసారండీ..."

"ఒక్కసారేంది సార్?" అన్నాడు బాపు, ఛాతీ విరుచుకుని. "మీరు పనియ్యుండ్రి. ఎప్పుడు అడిగితె అప్పుడు ఆపుతం. వరి ఎండినా సరే, మా ఊరు మాట తప్పదు."

కౌశల్ లేచి నిలబడి బాపుకు చెయ్యి కలిపాడు. "చాలా గొప్ప మనసండీ మీది" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెర్రిదాన్ని, మా పని ఖాయమైపోయిందనుకున్నాను.

ఖాయమైంది కూడా. ఇంకో తొమ్మిది రోజులకు వెంకటరావు గారు నన్ను పక్కకు పిలిచాడు. నా వైపు చూడకుండా గోడవైపు చూస్తూ మాట్లాడాడు.

"కాంట్రాక్టు వచ్చిందమ్మా. కానీ షరతు పెట్టారు. ఇక్కడ కరెంటు రైతుల దయ మీద నడుస్తోంది, అలాంటిచోట పని ఇవ్వలేం అన్నారు. సిటీలో, మాదాపూర్‌లో ఆఫీసు తీసుకోవాలట. రాత్రి షిఫ్టు కూడా ఉంటుంది. నీకు సీటు ఉంచుతాను, వచ్చేయ్."

"రైతులు ఆపబట్టే కద సార్ మీకు పనొచ్చింది?"

"అదే వాళ్లకు భయమమ్మా. ఒకరోజు ఆపకపోతే?"

"వెన్నెలను ఏడ వెట్టాలె సార్? మీ స్ట్రాటజీల ఏమన్న జాగున్నదా?"

అరవాలనిపించింది, కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియలేదు. మా బాపు నా కోసం తన వరినీ, ఆఖరికి ఊరి మాటనూ తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. వాళ్లు దాన్ని తీసుకుని నష్టం కింద రాసుకున్నారు.

వెన్నెలను ఎత్తుకుని పొలానికి నడిచాను. ఆ రోజు మా వంతు. త్రీఫేజ్ వచ్చి మోటర్లన్నీ మోగుతున్నాయి, షెడ్డులో బల్బులు ఎర్రబడ్డాయి, ఈసారి ఎవరూ ఉరికి రాలేదు. బాపు ఒక వరి ఎన్ను తుంచి వేళ్లతో నలిపి చూస్తున్నాడు. మడిలో సగానికి పైగా ఎన్నులు తెల్లగా నిక్కి ఉన్నాయి. గింజ లేదు, అంతా తాలు. నన్ను చూసి చేతిలోది కింద పడేశాడు.

"పని దొరికిందా బిడ్డా?"

"దొరికింది బాపు."

ఆయన మొహం విచ్చుకుంది. "నేనప్పుడే అనుకున్న. ఆ టై సారు నేను చెప్పింది మంచిగ విన్నడు గదా?"

"విన్నడు బాపు. నువ్వు చెప్పిందే రాసుకపోయిండు."

"మరి! మీ సారు నోరు మెదపకపాయె. నేను చెప్పకపోతె ఆయనకెట్ల తెలుస్తుండె?" అంటూ పార అందుకుని, ఆ తాలు మడికే నీళ్లు మళ్లించాడు. గట్టున మట్టి సరిచేస్తూ మళ్లీ అన్నాడు. "ఇగ ఎప్పుడు అవసరం పడ్డా జర ముందుగాల చెప్పుమను. కుర్మయ్యకు నేను చెప్పి పెడ్త."

"చెప్త బాపు" అన్నాను.