ఇది బాగుందా, అది బాగుందా?

మూడోసారి నాలుక గీసుకుని, పుక్కిలించి ఉమ్మి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని భాస్కర్ గట్టిగా ఊపిరి వదిలాడు. వాసన చూశాడు. ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు. ఎవరి నోటి సంగతి వాళ్ల ముక్కుకు తెలియదు. అయినా మనసు ఒప్పక రెండు లవంగాలు దవడకు పెట్టుకుని, నాలుగు యాలకులు చొక్కా జేబులో వేసుకున్నాడు. గుటక వేస్తే గొంతులో కుడివైపు మెతుకేదో అడ్డం పడ్డట్టుంది. ఆ మెతుకు అక్కడ పడి ఆరేళ్లయింది.

నీళ్లు తాగితే దిగలేదు, అరటిపండు మింగితే దిగలేదు. అప్పుడప్పుడు ఆ పక్క చెవి కూడా పోటెత్తేది. లోపల ఏ పుండో ఉందని, దాని పేరు పైకి అంటే వచ్చి కూర్చుంటుందని భయపడి గొంతు సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. పళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం రెండుసార్లు వెళ్లి, బాగున్న పళ్లనే తోమించుకుని వచ్చాడు. నోరు వాసనొస్తోందా అని భార్యను ఒకసారి అడిగాడు. పెద్ద జ్వరాలు వచ్చిన ఏడు తన ముక్కు పోయిందనీ, మల్లెపూలకూ మురికికాలవకూ తేడా తెలియడం లేదనీ సరళ చెప్పింది. ఆ ఒక్క మనిషి దగ్గరే భాస్కర్ నోరు పూర్తిగా తెరిచి నవ్వేవాడు.

బయట మాత్రం పెదవులు కదిలీ కదలనట్టు, మీసం కిందనుంచి మాట్లాడేవాడు. నలభై ఆరేళ్ల మనిషి. పొడుగు. ఇరవై రెండేళ్లుగా కూర్చున్నవాళ్ల మొహాల మీదికి వంగి వంగి నడుము దగ్గర చిన్న వంపు తిరిగింది. పెనుబల్లి దగ్గరి తండాలో సోమ్లాకు రెండో కొడుకు. ఇంటర్ తప్పి, భద్రాచలంలో వెంకటనారాయణ గారి కళ్లజోళ్ల షాపులో ఊడ్చే పనికి కుదిరి, అద్దాలు అరగదీయడం నేర్చి, చివరికి చూపు పరీక్ష చేసే కుర్చీ దగ్గరికి చేరాడు. మొదట్లో అతనికి మంచి పేరుండేది. భాస్కర్ పెట్టిన అద్దం తప్పదని దుమ్ముగూడెం దాకా చెప్పుకునేవారు.

ఆరేళ్లుగా ఆ పేరు పోయింది. ఇచ్చిన జోళ్లు ఇచ్చినట్టే తిరిగి వస్తున్నాయి. పెట్టుకుంటే నేల గుంటలా కనపడుతోందని ఒకరు, గేదె రెండుగా కనపడుతోందని ఇంకొకరు, ఫోటో దిగడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదని మరొకరు. భాస్కర్ కొత్త అక్షరాల అట్ట కొన్నాడు. బల్బు మార్చాడు. అనుమానమొచ్చి ఖమ్మం వెళ్లి తన కళ్లే చూపించుకున్నాడు. అవి బాగానే ఉన్నాయి. ఇక పోయింది చేతిలో విద్యేనని తేల్చుకుని, ఆ దిగులు కూడా మీసం కిందే దాచుకున్నాడు.

ఆ రోజు పర్ణశాల బడిలో వైద్య శిబిరం. వెంకటనారాయణ గారు ముందురోజే పిలిచి నెమ్మదిగా చెప్పారు. "ఏవయ్యా భాస్కర్, ఈ క్యాంపు నుంచి కూడా జోళ్లు తిరిగొచ్చాయంటే నేనిక చూపు పరీక్ష చేసే మిషను తెచ్చుకుంటాను. ఏమీ అనుకోకు." భాస్కర్ ఏమీ అనుకోనన్నట్టు తల ఊపాడు. రాత్రంతా అనుకుంటూనే ఉన్నాడు.

తొమ్మిదికల్లా ఐదో తరగతి గదిలో లెన్సుల పెట్టె తెరిచాడు. మొదట కూర్చున్నది వెంకటరామారావు, రిటైరైన పంతులుగారు. భాస్కర్ ఇనుప ఫ్రేము ఆయన ముక్కు మీద నిలబెట్టి, మీదికి వంగి, అద్దం తర్వాత అద్దం తగిలిస్తూ తన పాత ప్రశ్న అడిగాడు. ఇది బాగుందా, అది బాగుందా? పంతులుగారు మెడ వెనక్కి విరిచి, అట్ట మీది అక్షరాలన్నీ ఊపిరి బిగబట్టి ఒక్క దమ్ములో అప్పజెప్పి, రెండో అద్దం పెట్టకముందే అదే బాగుందన్నారు. వెనకవాళ్లూ అంతే. చదువు రానివాళ్లు మూడు కాళ్ల గుర్తు ఎటు తిరిగిందో చేత్తో చూపించాలి. ఒకామె అట్ట వైపు చూడకుండానే నాలుగు దిక్కులూ చూపించి లేచిపోయింది. పదకొండు కాకముందే నలభై మంది అయిపోయారు. పక్క గదిలో గొంతు, చెవులు చూసే డాక్టరు రాజ్యశ్రీ దగ్గర అప్పటికి పదిమంది కూడా కాలేదు.

నలభై ఒకటో మనిషి జంపక్క. డెబ్బై దాటిన ఎండుకట్టె లాంటి మనిషి. మొహం మీద కళ్లకంటే ముడతలే ఎక్కువ. కళ్లజోడు కాళ్లకు సుతిలి తాడు కట్టి మెడలో వేసుకుంది. రెండేళ్లలో అది ఆమెకు నాలుగో జోడు. ఆమెను చూడగానే భాస్కర్ చేతిలో అద్దం పెట్టెలో పెట్టేశాడు.

"అవ్వా, మళ్ల కనపడతలేదా?"

"ఏడ కనపడతది." జంపక్క జోడు తీసి బల్ల మీద పెట్టింది. "నీ అద్దాల తప్పు లేదు బిడ్డా. నేనే అబద్ధం చెప్తున్న."

భాస్కర్‌కు అర్థం కాలేదు. ఎందుకు చెప్తున్నావని అడిగాడు.

"నువ్వు మీదికి వంగి అడుగుతవు. నీ నోట్లకెళ్లి గాలొస్తది. చెరువెండినంక బురదల చేపలు చస్తే ఎట్లుంటది, గట్ల. ఎట్లనన్న లేచి పోదామని, కనపడుతున్నది కనపడుతున్నది అంట. నేనే కాదు, అందరు గిట్లనే అంటున్నరు. అడుగు."

భాస్కర్ వరుస వైపు చూశాడు. వరుసంతా తలొంచుకుని ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుంటోంది. కిటికీ దగ్గర నిలబడ్డ పంతులుగారు పాత కళ్లజోడు తీసి పంచె కొంగుతో అవసరానికి మించి తుడుస్తున్నారు.

మొహం మీద వేడినీళ్లు పోసినట్టయింది. లెన్సుల పెట్టె మూసి, వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. నేల చీలితే దిగిపోదామనిపించింది. ఆ తర్వాత, ఎక్కడినుంచి వచ్చిందో, లోపలికి చల్లగా ఒక ఆలోచన దిగింది. అంటే చేతిలో విద్య పోలేదన్నమాట. తాను అడిగింది సరిగ్గానే అడిగాడు, వాళ్లే తప్పు చెప్పారు. సిగ్గూ సంతోషమూ రెండూ ఒకేసారి ముంచుకొస్తే ఏ మొహం పెట్టాలో తెలియక, లేచి నేరుగా పక్క గదిలోకి వెళ్లి డాక్టరు ముందు కూర్చుని నోరు తెరిచాడు.

రాజ్యశ్రీ టార్చి వేసి, చెక్కపుల్లతో నాలుక నొక్కి చూసింది. లేచి వెళ్లి, ఉన్న మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని వచ్చింది. ఎన్నేళ్లుగా ఉందని అడిగింది. ఆరేళ్లన్నాడు. ఇంకేం అడగకుండా దూది చుట్టిన పుల్లతో కొండనాలుకకు కుడిపక్క మెల్లగా నొక్కింది. భాస్కర్‌కు కడుపులోంచి వాంతి తోసుకొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి రాయి ఊడింది. తర్వాత ఇంకోటి. ఎడమ పక్కనుంచి మూడోది.

"రాళ్లా మేడం?"

"టాన్సిల్స్‌లో చిన్న చిన్న గుంటలుంటాయి. తిన్నదాని తునకలు, లోపలి మలినం, క్రిములు అందులో ఇరుక్కుని గట్టిపడతాయి. గొంతులో అడ్డం, చెవిపోటు, వాసన, అన్నీ వీటివల్లే."

ఆరేళ్లుగా పైకి అనని ఆ పేరు చెప్పి, అదేనా అని భాస్కర్ అడిగాడు. క్యాన్సరూ కాదు, పాడూ కాదందామె. తిన్నాక ఉప్పునీళ్లు పుక్కిలించమని, మంచినీళ్లు బాగా తాగమని, పిన్నీసులతో అగ్గిపుల్లలతో పొడుచుకోవద్దని చెప్పింది. మళ్లీ మళ్లీ వచ్చి మరీ బాధపెడితే ఆపరేషన్ చేసి టాన్సిల్సే తీయించుకోవచ్చట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత గుర్తొచ్చి, భాస్కర్ ఉప్పునీళ్లకే ఒప్పుకున్నాడు.

వెళ్లబోతూ ఆ రాళ్లు ఒకసారి చూపించమన్నాడు. దూది మీద జొన్నగింజల్లా పసుపుపచ్చగా ఉన్నాయి. పెట్టెలోంచి అన్నిటికంటే లావుపాటి భూతద్దం తెచ్చి, దాన్లోంచి చాలాసేపు చూశాడు. వీటికి భయపడే తాను ఆరేళ్లు పెళ్లిళ్లలో చివరి బంతిలో కూర్చున్నాడు. తండాలో అన్న మనవరాలిని ఎత్తుకుని కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాలుగుసార్లు ఉప్పునీళ్లు పుక్కిలించి వచ్చి, భాస్కర్ పెట్టె తెరిచాడు. జంపక్కను పిలిచి కూర్చోబెట్టాడు. భయపడుతూనే వంగాడు. ఆమె ముక్కుపుటాలు ఒకసారి కదిలి ఆగాయి. మెడ వెనక్కి పోలేదు.

"ఇది బాగుందా అవ్వా, అది బాగుందా?"

"ఆగు," అంది జంపక్క.

ఆరేళ్లలో తనతో ఎవరూ ఆగమనలేదు. ఆగాడు. ఆమె అట్ట వైపు తాపీగా చూసి, ముందుదే మళ్లీ పెట్టమంది. పెట్టాడు. కాదు, రెండోదే అంది. దానికంటే ఇంకొంచెం లావుది ఉందా అంది. సంతలో వంకాయలు ఏరినట్టు అరగంట ఏరింది. చివరికి ఒక అద్దం దగ్గర నోరు కొంచెం తెరుచుకుని అట్టను వదిలేసి భాస్కర్ మొహం వైపు తిరిగింది.

"నీకు మీసం తెల్లబడ్డది గదా బిడ్డా. ఇన్నొద్దులు పడుసోనివనుకున్న."

అది విని పంతులుగారు వచ్చి వరుసలో మళ్లీ నిలబడ్డారు. ఆయన వెనక పొద్దున లేచిపోయిన మిగతావాళ్లందరూ నిలబడ్డారు. అందరికీ తీరిక వచ్చింది, అందరూ వాదించారు. పొద్దు గూకేదాకా పరీక్షలు సాగాయి. ఇంత ఆలస్యమేమిటని వెంకటనారాయణ గారు ఫోన్లో విసుక్కుంటే, ఈసారి తిరిగిరావు సార్ అని మాత్రం అన్నాడు భాస్కర్, నోరు పూర్తిగా తెరిచి.

ఇంటికి రాగానే అన్నం వడ్డిస్తూ సరళ వంగినదల్లా ఆగిపోయింది. ఇంకొంచెం దగ్గరికి వచ్చింది.

"ఏం చేసినవ్? నోరు వాసన లేదియ్యాల."

"నీకు ముక్కు పోయిందన్నవ్ గదా."

సరళ గరిటె గిన్నెలో పెట్టి, పప్పు వైపు చూస్తూ అంది. "పోయింది. ఇప్పుడే ఒచ్చింది."

భాస్కర్ కంచం ముందుకు జరిపాడు. ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.

పది రోజులకు జోళ్లు తయారై ఊళ్లకు వెళ్లాయి. నెల తిరిగేసరికి ఒక్కటీ వెనక్కి రాలేదు. వెంకటనారాయణ గారు మిషను మాట ఎత్తడం మానేశారు. అయినా భాస్కర్‌కు మనసు నిలవక, ఒక ఆదివారం బస్సెక్కి పర్ణశాల దగ్గర దిగి, అడ్డదారిన జంపక్క ఉండే గూడేనికి నడిచాడు. అద్దం ఎట్లా ఉందో ఆమె నోటనే వినాలని.

వాకిట్లో కోడలు ముత్తక్క ఒక్కతే కూర్చుని ఉంది. భాస్కర్‌ను గుర్తుపట్టి పీట వేసింది. అత్త మొన్న పొద్దున పోయిందని చెప్పింది. జ్వరం లేదు, నొప్పి లేదు, కూర్చున్నచోటే ఒరిగిందట. కళ్లజోడు వచ్చిన నాటినుంచి తమను బతకనివ్వలేదంది. వాసాల మీద బూజు కనపడింది, కొడుకు చొక్కాకు చిరుగు కనపడింది, కూరలో వెంట్రుక కనపడింది, ఒకటే తిట్లు. చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వు మధ్యలో కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"జోడు గూడ పెట్టుకునే పోయింది అన్నా. తియ్యబోతే మాకు చెయ్యి రాలే."

ముత్తక్క ఇచ్చిన నీళ్లు భాస్కర్ తాగాడు. ముసలామె చివరగా కూర్చున్న చోట, గోడ నీడలో, ఎవరూ ముట్టుకోని చేట అట్లాగే ఉంది. ఒకవైపు కడిగితే వండుకునేటట్టు తెల్లటి బియ్యం, రెండోవైపు జంపక్క ఏరిపెట్టిన చిటికెడు రాళ్లు, మామూలు కంటికి ఆననంత సన్నవి.