ఘన రంగు

నీటి సరఫరా ఆఫీసులో అనువాదకురాలికి ఉన్న ఆస్తి ఒక కుర్చీ, ఒక నిఘంటువు, కిటికీ పక్కన సగం బల్ల. పదకొండేళ్లుగా పైనుంచి వచ్చే ఇంగ్లీషు కాగితాలన్నీ ఆ సగం బల్ల మీదే తెలుగయ్యేవి. కిందటి నెలలో మేనేజరు కంప్యూటర్లోకి ఒక అనువాద యంత్రాన్ని దించాడు. మీట నొక్కితే చాలు, కాగితం కాగితమంతా తెలుగైపోతుంది.

"ఇక నీకూ కాస్త విశ్రాంతి కదమ్మా!" అన్నాడు.

ఆ విశ్రాంతి నెలాఖరున మొదలవుతుందని, మళ్లీ ముగియదని ఆమెకు అర్థమైంది.

యంత్రం చేతి మీదుగా వెలువడిన మొదటి నోటీసు ఫొటోల గురించి. వెబ్‌సైటులో సిబ్బంది అందరి ముఖాలూ పెడతారట. 'శుక్రవారం ఫొటోగ్రాఫర్ వచ్చును. అందరూ ఘన రంగు దుస్తులు ధరించి రావలెను.'

పైవాళ్లు 'సాలిడ్ కలర్' అని అడిగింది పువ్వులూ గీతలూ లేని ఒకే రంగు బట్టలు. యంత్రం ఆ రంగును రాయిలా, ఇనుములా ఘనపదార్థం చేసి పెట్టింది. చదివినవాళ్లు పదార్థాన్ని వదిలేసి ఘనతను పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా బీరువా అడుగున ఎవరికేమున్నాయో చర్చలు మొదలయ్యాయి. ఒక్క మాట చెబితే పోయేది. అడగందే చెప్పడం దేనికి, యంత్రం తెలివేపాటిదో శుక్రవారం అందరికీ తెలుస్తుంది కదా అని ఆమె కుక్కిన పేనులా కూర్చుంది.

గురువారం సాయంత్రం వాల్వుల బాబాయ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఊళ్లో ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేది ఆయనే. వచ్చే నెల రిటైరవుతాడు.

"అమ్మాయ్, మాటలు తెలిసినదానివి. ఘన రంగంటే ఏంటి?"

"నోటీసులో రాసిందేగా బాబాయ్."

"అంటే ఘనంగానే రమ్మన్నారన్నమాట! ముప్పై నాలుగేళ్లకి మన మొహం కావాల్సొచ్చింది వీళ్లకి."

సంబరంగా వెళ్లిపోయాడు.

ఇంట్లో ఆమె సాదా నీలం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"అందరూ ధగధగలాడుతూ వస్తుంటే నీకీ వెలిసిపోయిన నీలమే దొరికిందా?"

ఆమె సంగతి చెప్పింది.

"మరి వాళ్లకి చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదత్తయ్యా."

ముడతలు ఎప్పుడో పోయిన చొక్కాను మళ్లీ మొదటినుంచి ఇస్త్రీ చేసింది.

శుక్రవారం ఫొటోగ్రాఫర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మేనేజరు పూల కోటులో ఉన్నాడు. టైపిస్టు మెడ నిండా నగలే. వాల్వుల బాబాయ్ తన పెళ్లినాటి జరీ పువ్వుల ఎర్ర కోటులో, చేతులు కొంచెం ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. రెండు పక్కలా కుట్లు విప్పి, వేరే గుడ్డ అతికించి, భార్య ఆ కోటును ఆయనకు పట్టేట్టు చేసింది.

"ఇక్కడ పెళ్లికొడుకెవరండీ?" అన్నాడు ఫొటోగ్రాఫర్ ఆయన్నే చూస్తూ. అందరూ గొల్లున నవ్వారు. తర్వాత ఫొటోగ్రాఫర్ అసలు అర్థం చెప్పాడు. సోమవారం మళ్లీ రమ్మన్నాడు.

మేనేజరు చూపు నీలం చొక్కా మీద పడింది.

"నీకు ముందే తెలుసా?"

"యంత్రం చేసింది కద సార్. నా దాకా రాలేదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇకమీదట నువ్వు చూసి సంతకం పెట్టందే ఏ కాగితమూ బయటికి పోదు."

గండం గడిచింది. ఆమె ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. వాల్వుల బాబాయ్ కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు.

"నేను అడిగాను కదమ్మాయ్," అన్నాడు మెల్లగా.

ఆమెకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"మేడం, మీరొక్కరే సరిగ్గా వచ్చారు. మీది ఇప్పుడే తీసేద్దాం. ఏదీ, కాస్త నవ్వండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

సోమవారం బాబాయ్ రాలేదు. కబురు పంపితే, వీధులకు నీళ్లు వదిలే వేళ, కుదరదన్నాడు.

కొత్త పద్ధతిలో ఆమె బల్ల మీదికి వచ్చిన మొదటి కాగితంలో ఒకటే వాక్యం ఉంది. వెబ్‌సైటులో బాబాయ్ పేరు పైన, ఖాళీ గడిలో పెట్టాల్సింది. యంత్రమే తెలుగు చేసింది: 'ఫొటో అందుబాటులో లేదు.'

ఆమె మూడుసార్లు చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు. సంతకం పెట్టింది.