చివరి కొళాయి

నీళ్లు వదిలే రోజు పవిత్ర ఇంటి పనంతా కొళాయి చుట్టూ తిరుగుతుంది. ముందు బుస్సుమని గాలి వస్తుంది. తర్వాత మాటలు వస్తాయి. ఆ తర్వాతే నీళ్లు.

మాటలు రావడంలో వింతేం లేదు. కల్లూరు నుంచి కొత్త ప్లాట్ల దాకా పోయే ఆ పైపు వేసిన నాటి నుంచీ అంతే. పై ఇంట్లో కొళాయి తిప్పి ఎవరన్నా మాట్లాడితే ఆ మాట నీళ్లతోపాటు కింది ఇండ్లకు దిగుతుంది. అందుకే ఆ దారిలో కొళాయి దగ్గర ఎవరూ కొట్లాడుకోరు. జబ్బులూ అప్పులూ పెండ్లి సంబంధాలూ నీళ్లు నిలిచాకే మాట్లాడుకుంటారు. కోడలు కాపురానికి రాగానే అత్త ముందు బిందె చూపిస్తుంది, తర్వాత కొళాయి చూపిస్తుంది, తర్వాత పెదాల మీద వేలు పెట్టి చూపిస్తుంది.

పవిత్రకు అవన్నీ ఎవరూ నేర్పలేదు. ఆమెది చివరి ఇల్లు. దాని తర్వాత కంపచెట్లు, కంకర మిషను. ఆమె మాట వినడానికి కింద ఎవరున్నారు?

పైపు మొదట్లో, కార్పొరేషన్ హద్దులో ఉండేది లక్ష్మీప్రియ. పవిత్రకు పెదనాన్న కూతురు. ఇద్దరూ నందికొట్కూరులో ఒకే వాకిట్లో పెరిగారు, ఒకే పందిట్లో పెండ్లిళ్లు చేసుకున్నారు. పెండ్లికి పెదనాన్న లక్ష్మీప్రియకు కుట్టు మిషను కొనిచ్చాడు. పవిత్ర నాన్న పవిత్రకు ఇనప మంచం కొనిచ్చాడు. ఆ మిషను బండెక్కిన రోజు పవిత్ర గుండెలో చేరిన మంట ఇంకా ఆరలేదు. అక్కకు మిషనూ దక్కింది, పైపు మొదలూ దక్కింది. అందుకే ఆటో ఎక్కితే దిగేంత దూరంలో ఉన్నా ఆ గడప తొక్కి ఏండ్లయింది.

గడప తొక్కకపోయినా నీళ్లొచ్చినప్పుడల్లా గొంతు వచ్చేది.

"ఏమండీ, ఈ పొద్దు కాపీ శానా బాగా పెట్టినారే!" అనేది కొళాయిలోంచి లక్ష్మీప్రియ. "అయ్యో, బిందె మీరెందుకు ఎత్తుతారు? నడుము పట్టేస్తాది, పెట్టండి ఆడ."

"కాపీ అంట, కాపీ!" అనేది పవిత్ర కొళాయికి మూతి తిప్పి. "ఈడ నా మొగుడు తాగిన గ్లాసు గూడ తియ్యడు."

ఆ మొగుడు నారాయణ, షేర్ ఆటో తోలుతాడు. గ్లాసు తియ్యకుండానే నవ్వేవాడు.

ఎన్ని మాటలొచ్చినా లక్ష్మీప్రియ మొగుడు భూపేష్ గొంతు మాత్రం ఎన్నడూ రాలేదు. పెండ్లాం మాటకు ఎదురు చెప్పని మనిషి అనుకుంది పవిత్ర. దానికీ కడుపు మండింది.

ఆ ఎండాకాలం పంచాయతీ స్థలంలో, పవిత్ర ఇంటికి దగ్గరగా కొత్త ట్యాంకు లేచింది. పవిత్ర ఆ వార్డు మెంబరు. నీళ్ల సంస్థ ఏఈ హర్షవర్ధన్ పంచాయతీ మీటింగుకు వచ్చి నిదానంగా చెప్పాడు.

"పైపు మా సంస్థది మేడం. పై సగం కార్పొరేషన్‌ది, కింది సగం మీ పంచాయతీది. ఏ ట్యాంకు నుంచి వదలాలన్నా రెండు తీర్మానాలూ ఉండాలి. కల్లూరులో వాళ్ల పాత ట్యాంకుకు రిపేరు పని పడింది, కాబట్టి వాళ్లు దేనికైనా ఒప్పుకుంటారు. ఒక నెల అటు నుంచి, ఒక నెల ఇటు నుంచి వదిలితే అందరికీ బాగుంటుంది. ఏమంటారు?"

"నెల నెలా కాదు సార్," అంది పవిత్ర. "ఇన్నేండ్లు వాళ్లు మొదలు, మేము కొస. ఇంగ మేము మొదలు, వాళ్లు కొస. అట్లయితేనే సంతకం."

అందరూ చప్పట్లు కొట్టారు. వాకిలి దగ్గర నిలబడిన వాల్వు మనిషి ఓబులేష్ మాత్రం తల గోక్కున్నాడు.

"అక్కా, నీళ్లు తిరిగితే అన్నీ తిరుగుతాయి. ఒకసారి ఆలోచన చెయ్."

"నీ పానా నువ్వు చూస్కోప్పా."

"పానా ఒక్కటే గదక్కా నాది. తిప్పమనేదానికి ముగ్గురు ఉండారు."

నీళ్లు తిరిగాయి. పవిత్ర బకెట్టు మొదటిసారి గలగలా నిండింది. కానీ మాటలు రాలేదు. మొదటి కొళాయికి ఎవరి మాటలొస్తాయి? ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఏదో వెలితిగా అనిపించి, పాత అలవాటు కొద్దీ తనే అందుకుంది.

"ఏం మే, ఎట్లుండాది కొస? ఎత్తమను నీ మొగున్ని బిందెలు! దేవునట్లాంటోడు గదా. కాపీ పెడ్తాడు, కసురుకోడు. మిషను నీకే, మొగుడూ నీకే. నాకేముండాది? ఇనప మంచం!"

నీళ్లున్నంత సేపూ అన్నది. తర్వాతి దినాలూ అన్నది. అంగడి కాడ ఆడవాళ్లు తనను చూసి పైట నోటికి అడ్డం పెట్టుకుంటుంటే, కొత్త ట్యాంకు తెచ్చినందుకు ఓర్వలేకపోతున్నారనుకుంది.

కొన్నాళ్లకు ఏఈ ఫోన్ చేశాడు. కార్పొరేషన్ వైపు చివరి ఇంట్లో కొళాయి కట్టేయడం లేదట, నీళ్లన్నీ కాలువ పాలవుతున్నాయట. ఉమ్మడి పైపు కాబట్టి తనిఖీ కూడా ఉమ్మడిగానే చెయ్యాలి.

చివరి ఇల్లంటే ఇప్పుడు లక్ష్మీప్రియదే. సంస్థ జీపులో పవిత్ర దర్జాగా దిగింది.

భూపేష్ హాల్లో కూర్చుని ఉన్నాడు. "రండి సార్, కూర్చోండి. ఎండలు ఎట్లుండాయో చూడండి," అని ఏఈతో నవ్వుతూ మాట్లాడాడు. ఏఈ మంచినీళ్లు అడిగితే మాత్రం పెండ్లాన్ని పిలవలేదు. ఖాళీ గ్లాసుతో బల్ల మీద టక్కుటక్కుమని కొట్టాడు. పెరట్లోంచి లక్ష్మీప్రియ వచ్చి, నీళ్లిచ్చి, మళ్లీ పెరట్లోకి పోయింది.

పవిత్ర ఆమె వెనకే పోయింది. కొళాయి ధారగా పారుతోంది. పక్కన ముక్కాలి పీట. మాట కూడా నీళ్లంత నిదానంగానే నడుస్తుంది గనక, ఆ పొద్దున తను అన్నదంతా ఇప్పుడక్కడికి చేరుతోంది. తన గొంతే. "...దేవునట్లాంటోడు గదా. కాపీ పెడ్తాడు, కసురుకోడు..."

పవిత్ర గబుక్కున కొళాయి వైపు చెయ్యి చాపింది. "అక్కా... కట్టెయ్."

"ఉండనీ మే," అంది లక్ష్మీప్రియ పీట మీద కూర్చుంటూ. "ఈ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే."

"బావ?"

"నాతో మాట మానేసి శానా ఏండ్లయింది. కాపీ నేనే పెట్టుకుంటా, బాగుందని నేనే చెప్పుకుంటా. కింద ఇన్ని ఇండ్లు ఇంటాండాయి గదా, ఏమీ అనకుంటే ఏమనుకుంటారో అని." ఆమె చెయ్యి ధార కింద పెట్టింది. "నువ్వు ఏడుస్తాంటే ఇనేదానికి ఎంత బాగుండాదో. ఇంత మంచి కాపురం ఎవరిదబ్బా అనుకుంటాండా."

పవిత్ర చాపిన చెయ్యి వెనక్కు తీసుకుంది. కాలువ చూసి వచ్చిన ఏఈ వాకిట్లో నిలబడ్డాడు.

"నెల నెలా మార్చండి సార్," అంది పవిత్ర. "మా తీర్మానం నేను రాయిస్తా."

ఇంటికి పోతూ జీపులో, ఇక ఎవర్ని చూసి ఓర్వలేకుండా ఉండాలో తెలియక పవిత్ర దారి పొడుగునా కిటికీలోంచి చూసింది.

పాత ట్యాంకు రిపేరయింది. మళ్లీ అటు నుంచి నీళ్లు వదిలిన పొద్దున పవిత్ర కొళాయి దగ్గరే కూర్చుంది. బుస్సుమని గాలి వచ్చింది. ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ ఒక్క పలుకు రాలేదు. అంత పొడుగు పైపు ఊపిరి బిగబట్టినట్టుంది.

"పవిత్రా, నేనే," అంది లక్ష్మీప్రియ గొంతు. "కాపీ సంగతి కాదులే. కాపీ ఎన్నడూ లేదు. అందరూ ఇంటాండారు, ఇననీ. ఈ పొద్దు బస్సుకు మా అమ్మకాడికి పోతాండా. మళ్లీ రాను. మిషను ఒక్కదాన్నే ఎత్తలేను. వస్తావా?"

వెంటనే నీళ్లు దూకాయి. చివరి కొళాయిలో ఇంత జోరు ఎవరూ ఎరగరు. ఆ మాట ఒలికిపోకుండా కింది దాకా చేరాలని దారిలో విన్న ఇల్లు విన్నట్టే కొళాయి కట్టేసింది. బకెట్టు నిండింది, పొర్లింది, వాకిలంతా తడిసింది.

సరే అని కొళాయిలోకి చెప్పబోయి ఆగింది పవిత్ర. చెబితే వినేవి కంపచెట్లే.

లేచి కొళాయి కట్టేసింది.

"ఏమయ్యా, ఆటో తియ్యి," అంది నారాయణతో. "మా అక్క మిషను తేవల్ల. బరువుంటాది."