పొడవాటి బ్రేకు గొట్టం

మొదట్లో అన్న చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: ఇరుకైన సైకిలు కొట్టు, గీతలు పడ్డ పనిబల్ల, తెగువ తప్ప ఇంకో విద్య అబ్బని తమ్ముడు. వ్యాపారం తెలిసినవాడు కనక ఏదీ పారేయకుండా అన్నీ కలిపి బేరం కుదిర్చాడు. తమ్ముడు మట్టిదిబ్బల మీంచి ఎగిరి గాల్లో విన్యాసాలు చేసే పోటీల్లోకి దిగాడు. వాడి సైకిలు అన్న కట్టాడు.

అది కొట్లో వేలాడదీసి అమ్మే సరుకు కాదు. సీటు మోకాళ్లకు తగలకుండా బాగా కిందికి ఉంటుంది. గేర్లు లేవు. ముందు చక్రం కుదుపులు ఆపే షాకులో గాలి ఎంత బిగించాడంటే, మామూలు మనిషి ఎక్కితే బండరాయి మీద కూర్చున్నట్టే. ఇక వెనక బ్రేకుకు నూనె తీసుకెళ్లే గొట్టం సంగతి వేరే చెప్పాలి. ఎగిరినప్పుడు తమ్ముడు హ్యాండిల్‌ను బొంగరంలా తిప్పి మళ్లీ అందుకుంటాడు. గొట్టం పొట్టిదైతే హ్యాండిల్ తిరగదు. అందుకని అన్న దాన్ని పొడుగ్గా వదిలి, హ్యాండిల్ మెడ చుట్టూ వదులుగా చుట్టాడు. ఎంత వదులో వాళ్లిద్దరికే తెలుసు. వేరేవాళ్లు అలాంటిదే కట్టమని వస్తే, "మావాడి చేతులు కూడా కట్టివ్వనా?" అనేవాడు.

పోయిన పోటీలో తమ్ముడు తలకిందులుగా పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి. చెవి లోపల తగిలిన దెబ్బ మాత్రం మానలేదు. కళ్లు మూసుకుంటే ఒరిగిపోతాడు. "నేల మీద తొక్కుకో. చక్రాలు నేల విడిస్తే నీకు పైనేదో కిందేదో తెలీదు," అన్నాడు డాక్టరు.

ఒక ఉదయం తమ్ముడు సైకిలు నడిపించుకుంటూ కొట్టుకొచ్చాడు.

"అన్నయ్యా, దీన్ని మామూలు సైకిలు చేసెయ్."

"మామూలంటే?"

"వదిన కూరగాయలకు తీసుకెళ్లేలాంటిది. వెనక బుట్ట కూడా పెట్టు."

"బుట్ట పెడితే మీ వదిన లాగేసుకుంటుందిరా."

"లాగేసుకోనీ. బుట్టలో నేను కూర్చుంటా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అన్న సీటు పైకెత్తాడు, షాకులో గాలి తగ్గించాడు, బుట్ట బిగించాడు. గొట్టం కోసే కత్తెర తీసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. కొనేవాడు రెండోసారి అడిగేదాకా సరుకు కోయకపోవడం అతని పద్ధతి. తమ్ముడు ఒక్కసారే అడిగాడు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

తీసుకెళ్లేటప్పుడు గొట్టం చుట్ట అలాగే ఉండటం తమ్ముడు చూశాడు. చూసి ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి మోచెయ్యి గీరుకుపోయి, సైకిలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

అన్న పని వదిలి లేచాడు. "ఎక్కడ పడ్డావురా?"

"ఫుట్‌పాత్ అంచు మీంచి దూకా. అంతే ఎత్తు. హ్యాండిల్ తిప్పా, తిరిగింది. దాంతోపాటు వీధంతా తిరిగింది." గొట్టం వేలితో లాగి చూపించాడు. "కోయలేదేం?"

"నువ్వు చూశావుగా. అడగలేదేం?"

అన్న గుడ్డ తెచ్చి తమ్ముడి మోచెయ్యి తుడిచాడు.

"కొన్నాళ్లు పోతే ఒకవేళ..." అన్నాడు అన్న.

"ఆ ఒకవేళతోనే రోజూ నిద్రలేస్తున్నా. కళ్లు మూసుకుని నిలబడి చూసుకుంటున్నా. గోడ పట్టుకోకుండా ఒక్కరోజూ నిలబడలేదు." తమ్ముడు బల్ల మీది కత్తెర అన్నవైపు జరిపాడు. "ఈ పొడుగు గొట్టం ఉన్నంతకాలం నేను మళ్లీ దూకుతా అన్నయ్యా. ఇంకోసారి తలే ముందు తగులుతుంది. కోసెయ్. ఇది రెండోసారి అడగడం."

అన్న కోశాడు. నూనె బల్ల మీద చుక్కలుగా కారింది. తుడిచి, పొట్టి చేసిన గొట్టాన్ని బిగించి, కొత్త నూనె పోసి, లోపలి గాలంతా పోయేదాకా బ్రేకు నొక్కుతూ కూర్చున్నాడు. పని అయ్యాక తమ్ముడు హ్యాండిల్ తిప్పి చూశాడు. సగంలోనే గొట్టం బిగుసుకుని ఆగింది.

"బాగుంది," అని బయటికి నడిపించుకెళ్లాడు.

అన్న గుమ్మంలో నిలబడి లెక్క చూసుకున్నాడు. బతికున్న తమ్ముడు, బజారుకెళ్లే సైకిలు. తమ్ముడు పడ్డరోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇంతకన్నా తక్కువే కోరుకున్నాడు. వీధి చివర తమ్ముడు బ్రేకు పట్టి, కాలు కింద ఆనించి, అటూ ఇటూ చూసుకుని, ముసలాయనలా నెమ్మదిగా మలుపు తిరిగాడు. ఏ రకంగా చూసినా లాభమే. అన్న కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఆ లాభం తలుచుకుని చాలాసేపు ఏడ్చాడు.